పిడి ఎత్తు

సోమవారం పొద్దున గేటు తీయకముందే ఇంజనీరు ప్రయోగ క్షేత్రానికి వచ్చేశాడు. ఎనిమిదింటికి గాని తాళం తీయరని ఆయనకు తెలియక కాదు. ఇంట్లో ఉండబుద్ధి కాలేదు. క్వార్టర్సులో ఉండేది ఒక్కడే. కాఫీ తాగి, కప్పు కడిగి బోర్లించేస్తే ఆ ఇంట్లో ఇక చేయాల్సిన పనంటూ ఏమీ మిగలదు.

కాపలాదారు తాళంచెవుల గుత్తి ఊపుకుంటూ వచ్చి ఆయన్ని ఎగాదిగా చూశాడు. "ఏంటి సార్, ఇస్త్రీ చొక్కా! పెళ్ళిచూపులా?"

"పరీక్ష."

"మీకా, బండికా?"

"ఇద్దరికీ," అన్నాడు ఇంజనీరు. కాపలాదారు నవ్వాడు. ఆయన నవ్వలేదు. పొద్దున లేచాక మాట్లాడిన మొదటి మాటలు అవే.

క్షేత్రంలో ఆయన్ని వెనకాల అందరూ చక్రం సారు అంటారు. ఆయనకా సంగతి తెలుసు, కోపమూ లేదు. పన్నెండేళ్ళుగా ఆయన చేస్తున్నది ఒకే ఒక్క యంత్రం. ముందు ఒంటి చక్రం, దాని వెనక నేలలో రెండంగుళాలు దిగే బ్లేడు, తోయడానికి రెండు పొడుగాటి గొట్టాలు, వాటి చివర పిడి. మొక్కజొన్న సాళ్ళ మధ్య తోసుకుంటూ పోతే కలుపు వేళ్ళతో సహా తెగి వెల్లకిలా పడుతుంది. డీజిలు చుక్క అక్కర్లేదు, మందు చల్లే పని లేదు, చెడిపోతే ఏ వెల్డింగు షాపువాడైనా బాగుచేసి ఇస్తాడు. అరెకరం, ఎకరం ఉన్నవాళ్ళు ఒకరికి చేయి చాచకుండా, నేలను పాడుచేసుకోకుండా బతకాలన్నది ఆయన పట్టుదల. ఏడుసార్లు చేసి, ఏడుసార్లు మార్చాడు. ఇది ఎనిమిదోది.

ఐదు రోజుల పరీక్ష. గట్టెక్కితే ఒక కర్మాగారం మూడు వేల యంత్రాలు చేసి పంచడానికి సిద్ధంగా ఉంది. గట్టెక్కకపోతే ఈ అవకాశం కలుపుమందు చల్లే యంత్రం వాళ్ళకు పోతుంది. వాళ్ళ షెడ్డు పక్కనే. అక్కడ ఆరుగురు కుర్రాళ్ళు, రెండు కంప్యూటర్లు, రోజంతా నవ్వులు. ఈ షెడ్డులో ఆయన, ఒక బల్ల, చక్రం.

యంత్రం నడపడానికి కూలీల్లోంచి ఒకామెను ఇచ్చారు. నలభై దాటిన మనిషి. పొట్టిగా, దిట్టంగా ఉంటుంది. క్షేత్రంలో అందరూ ఆమెను అక్కా అని పిలుస్తారు, ఆమె కంటే పెద్దవాళ్ళు కూడా. పరీక్ష కాగితాల్లో 'నడిపిన వ్యక్తి' అన్నచోట గుమాస్తా ముందే 'ఒక కూలి' అని టైపు చేసి పెట్టాడు. లెక్కలు రాయడానికి ప్రయోగశాల సహాయకురాలు వచ్చింది. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు, స్టాప్‌వాచ్‌ని పక్షిపిల్లను పట్టుకున్నట్టు అరచేతిలో పట్టుకుంది.

"భయం లేదమ్మా, ఎప్పుడూ నడిచేలాగే నడువు," అన్నాడాయన నడిపే ఆమెతో.

"నాకేం భయం సార్," అంది ఆమె, తలగుడ్డ బిగించుకుంటూ.

బ్లేడు మట్టిలోకి దిగింది. ఆమె వంగి, అడుగు ముందుకు వేసి, తోసింది. సాలు చివరిదాకా పోయి తిరిగి వచ్చింది. సహాయకురాలు మీటరు చతురస్రపు ఇనుప చట్రాన్ని నేలమీద పరిచి, లోపల మిగిలిన కలుపు మొక్కల్ని వేలితో తాకుతూ లెక్కపెట్టింది. తరవాత నడిపినామె మణికట్టు పట్టుకుని నాడి చూసింది. ప్రతి నాలుగు సాళ్ళకూ ఇదే వరస. సాయంత్రానికి ఇరవై సాళ్ళు అయ్యాయి. కలుపు నూటికి తొంభై పోయింది. మొదటి సాలుకూ ఆఖరి సాలుకూ వేగంలో తేడా పట్టుమని అరనిమిషం లేదు.

ఇంజనీరు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. "బాగా నడుస్తోంది కదా?" అని అడిగాడు.

"నడుస్తోంది సార్," అంది ఆమె.

మంగళవారం కూడా అంతే. నాడి చూసేటప్పుడు మాత్రం ఆమె ఎడమచెయ్యి చాచింది. "కుడిచెయ్యి మట్టిగా ఉందమ్మా," అంది సహాయకురాలితో. రెండు చేతులూ ఒకేలా మట్టిగా ఉన్నాయి. అది ఆ పిల్లా గమనించలేదు, ఇంజనీరూ గమనించలేదు. ఆయన అంకెలు చూసుకుంటున్నాడు. ఆ సాయంత్రం షెడ్డుకు తాళం వేసేటప్పుడు, అంకెలు బాగున్నాయన్న సంగతి ఎవరికైనా చెప్పాలనిపించి పక్క షెడ్డు వైపు చూశాడు. వాళ్ళు అప్పటికే వెళ్ళిపోయారు. కాసేపు అక్కడే నిలబడి, తాళాన్ని మరోసారి లాగి చూసి, ఇంటిదారి పట్టాడు.

బుధవారం మధ్యాహ్నం కూలీలందరూ నీళ్ళ తొట్టి పక్కన నీడలో కూర్చుని డబ్బాలు విప్పారు. ఇంజనీరు షెడ్డు మెట్టుమీద ఒంటరిగా కూర్చుని తన డబ్బా విప్పాడు. తినేటప్పుడు మాట్లాడేవాళ్ళు లేకపోతే మనిషి చూపు ఎక్కడో ఒకచోట ఆనాలి కదా. ఆయన చూపు ఆమె మీద ఆనింది. ఆమె డబ్బాను రెండు మోకాళ్ళ మధ్య ఇరికించుకుంది. ఎడమచేత్తో మూత తిప్పింది. రాలేదు. వంగి మూత అంచును పళ్ళతో పట్టుకుని లాగింది. పక్కనున్న మనిషి ఏదో అంటే నవ్వేసింది. కుడిచెయ్యి ఒళ్ళో పడి ఉంది, అది తనది కాదన్నట్టు.

ఇంజనీరు ముద్ద నోట్లో పెట్టుకోవడం మరిచిపోయాడు.

మధ్యాహ్నం సాళ్ళు మొదలైనప్పుడు ఆయన ఎప్పుడూ నిలబడే చోట, గట్టు మీద సహాయకురాలి పక్కన, నిలబడలేదు. రెండు సాళ్ళ అవతల మొక్కజొన్నలోకి దిగి, ఆమెకు సమంగా నడిచాడు. ఆకులు మొహానికి కోసుకుంటున్నాయి. అక్కణ్నుంచి ఆమె పక్కనుంచి కనిపిస్తోంది. పన్నెండేళ్ళలో ఆయన తన యంత్రాన్ని ముందునుంచి చూశాడు, వెనకనుంచి చూశాడు, కిందనుంచి వెల్లకిలా పడుకుని చూశాడు. నడిపే మనిషిని పక్కనుంచి చూడలేదు.

ఆమె చేతులు పిడిమీద ఉన్నాయి గాని, తోస్తున్నది చేతులు కావు. పిడి ఆమె రొమ్ముల ఎత్తున ఉంది. దానికి జానెడు కిందుగా రెండు గొట్టాలనూ కలుపుతూ అడ్డకడ్డీ ఒకటుంది, గొట్టాలు ఊగకుండా ఆయన పెట్టిందే. ఆమె నడుముకు గుడ్డ మడిచి దోపుకుని, ఆ కడ్డీకి తుంటి ఆనించి, ఒళ్ళంతా బరువేసి తోస్తోంది. సాలు చివర తిరిగేటప్పుడు గుడ్డను కుడివైపునుంచి ఎడమవైపుకు మార్చుకుంది. ఎంత చకచకా మార్చుకుందంటే, గట్టుమీదున్న మనిషికి అది చెమట తుడుచుకున్నట్టే కనిపిస్తుంది.

వేగం తగ్గకపోవడం యంత్రం గొప్ప కాదని ఆయనకు అర్థమైంది. ఆమె తగ్గనివ్వడం లేదు.

గురువారం పొద్దున ఆయన ఆమెను నీడలో కూర్చోమన్నాడు. "ఇవాళ నేను నడుపుతాను."

"ఎందుకు సార్? నేనున్నాగా."

"ఊరికే."

సహాయకురాలు స్టాప్‌వాచ్ నొక్కాలో వద్దో తెలియక దిక్కులు చూసింది. "నొక్కమ్మా," అన్నాడు. చొక్కా చేతులు మడిచి పిడి పట్టుకున్నాడు. ప్రదర్శనల్లో ఆయన దీన్ని చాలాసార్లు తోశాడు. రెండు సాళ్ళు, మూడు సాళ్ళు, చప్పట్లు, అంతే. ఇవాళ ఇరవై సాళ్ళూ నడిపి తీరాలనుకున్నాడు. నడుము విరుగుతుందని, చేతులు బొబ్బలెక్కుతాయని ఎదురుచూశాడు.

ఏమీ కాలేదు. పది సాళ్ళయ్యాక ఒంటికి చెమట పట్టింది, కాళ్ళు కాస్త లాగాయి, అంతే. మణికట్లు తిన్నగా, మోచేతులు పక్కటెముకలకు ఆని, భుజాలు వదులుగా ఉన్నాయి. చక్రం తేలిగ్గా పోతోంది. పద్నాలుగో సాలులో ఆయనకు ప్రాణం లేచివచ్చినట్టయింది. యంత్రం బాగానే ఉంది. ఆమె పట్టడంలోనే ఏదో తేడా ఉంది. నేర్పిస్తే సరి.

సాలు చివర ఆగి, పిడిమీద చేతులు అలాగే ఉంచి, కిందికి చూసుకున్నాడు. పిడి సరిగ్గా ఆయన నడుము దగ్గర ఉంది. ఒక వేలెడు ఎక్కువ కాదు, ఒక వేలెడు తక్కువ కాదు. దర్జీ కొలిచి కుట్టినట్టు.

మొదటి నాలుగు నమూనాల్లో పిడిని పైకీ కిందికీ జరుపుకునే బోల్టులుండేవి. అవి వదులైపోతున్నాయని, బరువు పెరుగుతోందని, ఐదోదానిలో తీసేసి పిడిని స్థిరంగా అతికించాడు. అందరూ మెచ్చుకున్నారు. ఎంత ఎత్తున అతకాలన్నది ఒక పుస్తకంలోని పట్టిక చూసి నిర్ణయించాడు. 'సగటు పనివాడు' అని ఉంది ఆ పట్టికలో. ఆ సగటు పనివాడు సరిగ్గా తనంత ఉన్నాడు. అప్పుడది అదృష్టమనుకున్నాడు, ప్రతి కొలతా తన మీదే సరిచూసుకోవచ్చని.

పన్నెండేళ్ళూ ఆయన చేసింది తన కోసం ఒక యంత్రం. ఆయనకేమో పొలం కూడా లేదు.

"పద్నాలుగు అయ్యాయి సార్," అంది సహాయకురాలు. "నాడి చూడనా?"

"వద్దమ్మా. చాలు."

ఆ సాయంత్రం వెలుతురుండగానే ఆయన సొంత అక్కయ్య ఫోను చేసింది. వారానికోసారి చేస్తుంది.

"ఏరా, నీ బండి పాసైందా?"

"ఇంకా ఒకరోజుంది."

"గొంతేంటి అలా ఉంది?"

"ఏం లేదు."

"ఏం లేదంటే ఏదో ఉందనే. చిన్నప్పుడు పలక పగలగొట్టి వచ్చినా ఇదే మాట."

ఆయన కిటికీ దగ్గరికి నడిచాడు. చెప్పేద్దామా అనుకున్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. "అక్కయ్యా, నీ ఎత్తెంత?" అని అడిగాడు.

"ఈ వయసులో నా ఎత్తెందుకురా, సంబంధం చూస్తున్నావా?"

"చెప్పు, పనుంది."

"నేనెప్పుడు కొలుచుకున్నాను? పక్కన నిలబడితే నీ భుజం దాకా వస్తాను. అది కూడా తెలియదా నీకు?"

తెలియదు. ఫోను పెట్టేశాక ఆయన గోడ దగ్గర నిలబడి, తన భుజం ఎత్తున పెన్సిలుతో గీత గీశాడు. ఆ గీత దాకా ఉండే మనిషిని ఊహించుకుని, ఆ మనిషికి పిడి ఎక్కడికి వస్తుందో ఇంకో గీత గీశాడు. తరవాత బల్లముందు కూర్చుని నివేదిక రాశాడు. కలుపు తీత: తృప్తికరం. వేగం: తృప్తికరం. నడిపే వ్యక్తికి అనుకూలత అన్నచోట చాలాసేపు ఆగి, 'అనుకూలం కాదు. ఆమోదానికి తగదు,' అని రాసి సంతకం పెట్టాడు.

శుక్రవారం పొద్దున డైరెక్టరు గదికి మెట్లెక్కుతూ, ఆవిడ ఏమంటుందో, తనేమనాలో మాటలు కూర్చుకున్నాడు. డైరెక్టరు ఆయన కంటే పదేళ్ళు చిన్నది. నివేదిక చదివి, ఆఖరి పేజీ తిరగేసి, మళ్ళీ మొదటి పేజీకి వచ్చింది.

"మీ యంత్రాన్ని మీరే తప్పిస్తున్నారు."

"అవును మేడమ్."

"అంకెలన్నీ బాగున్నాయి కదండీ."

"ఆ అంకెలు ఆమెవి. యంత్రానివి కావు."

"ఎవరైనా ఫిర్యాదు చేశారా?"

"లేదు."

ఆవిడ కళ్ళజోడు తీసి ఆయన వంక చూసింది. "మీకింకా పద్నాలుగు నెలల సర్వీసుంది. ఈసారి పోతే మళ్ళీ పరీక్షకు పెట్టేలోగా మీరు ఉండరు. తెలుసు కదా?"

"తెలుసు."

"సరే," అంటూ ఆవిడ సంతకం పెట్టేసింది. "మందు యంత్రం వాళ్ళకు కబురు చేయాలి మరి. ఆ పద్నాలుగు నెలలూ మీ షెడ్డు మీదే. ఎవరూ అడగరు."

అంతే. బల్లమీద ఆవిడ టీ ఇంకా ఆవిరి కక్కుతోంది. మెట్లమీద కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ వాడాల్సిన పని పడలేదు. దిగుతుంటే ఆయనకు, ఎవరైనా కాస్త గట్టిగా కాదనివుంటే బాగుండుననిపించింది.

షెడ్డు దగ్గర ఆమె అప్పటికే యంత్రాన్ని బయటికి తీసి, చక్రపు ఇరుసుకు నూనె వేసి, గుడ్డతో తుడుస్తోంది. ఆయన దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"ఇవాళ పరీక్ష లేదమ్మా. ఆపేశాం."

ఆమె చెయ్యి ఆగింది. "ఏం సార్, నేను సరిగ్గా నడపలేదా?"

"చాలా బాగా నడిపావు. యంత్రమే బాగాలేదు. పిడి నీకు ఎత్తయింది. నీ చెయ్యి నొప్పిగా ఉంది. అదే రాసి ఇచ్చాను."

ఆమె గుడ్డను మడిచి ఇరుసుమీద పెట్టింది. "నొప్పని నేను మీతో అన్నానా?"

"అనలేదు."

"మరి మీరెట్లా రాశారు?"

ఆయన పిడిమీద చెయ్యి వేశాడు, మళ్ళీ తీసేశాడు.

"ఇకనుంచి నాకీ షెడ్డులో పని లేదన్నమాట," అంది ఆమె. గొంతు పెంచలేదు. "పరీక్ష పాసైతే ఏడాది పొడుగునా షెడ్డు పని నాకే ఇస్తామని గుమాస్తాగారు చెప్పాడు. నొప్పి నాది కదా సార్. ఓర్చుకోవాలో మానాలో నేను చూసుకునేదాన్ని. ఒక్క మాట అడిగి రాయాల్సింది."

పక్క షెడ్డులో ఎవరో గట్టిగా నవ్వారు. కబురు అందినట్టుంది. ఇంజనీరు మెట్టుమీద కూర్చుండిపోయాడు. నిన్న రాత్రంతా తనొక మంచిపని చేశాననే అనుకున్నాడు. ఎంత కష్టమైనా చేశానని లోలోపల కాస్త గర్వపడ్డాడు కూడా. ఇప్పుడు చూస్తే, పిడి ఎత్తు ఎలా నిర్ణయించాడో ఇదీ అలాగే నిర్ణయించాడు.

"మొదటిరోజే చెప్పి ఉండొచ్చు కదమ్మా, బాగాలేదని," అన్నాడు.

"మీరు అడగందే ఎట్లా చెప్పను? 'బాగా నడుస్తోంది కదా' అన్నారు. నడుస్తోందన్నాను. అబద్ధం కాదుగా."

"ఇప్పుడు అడుగుతున్నాను."

ఆమె ఆయన వంక చూసింది. కోపం పోలేదు గాని, అది కాస్త పక్కకు జరిగినట్టుంది. "మూడేళ్ళ కిందట మీ ఆఫీసువాళ్ళు ఇలాంటివే పంచారు, గుర్తుందా? మా వీధికి మూడొచ్చాయి."

"ఆరో నమూనా," అన్నాడు. "ఎలా ఉన్నాయి?"

"ఒకదానిమీద బట్టలు ఆరేస్తారు. గట్టిగానే ఉంది, గాలికి పడదు. ఇంకోదాన్ని మేకలు రాకుండా గుమ్మానికి అడ్డం పెట్టారు."

ఆయన నేలవైపు చూశాడు. "మూడోది?"

"అది నా దగ్గరుంది. రోజూ వాడతాను."

"రోజూ!" ఆయన తలెత్తాడు. "చెయ్యి నొప్పి పుట్టదా?"

"పుట్టదు. దాన్ని కోయించాను."

శనివారం సెలవు. ఆమె చెప్పిన గుర్తులు పట్టుకుని, రెండు వీధులు తప్పిపోయి, పొద్దెక్కాక ఇంజనీరు ఆమె ఇంటికి చేరాడు. రెండు గదుల ఇల్లు, రేకుల కప్పు. వెనక గోడకూ కాలువకూ మధ్య సన్నగా, పొడుగ్గా పొలం ముక్క. మూడోవంతు ఎకరం కూడా ఉండదు. చిక్కుళ్ళు, వంగ, గట్టువెంట మొక్కజొన్న. నేలమీద ఎండిన కలుపు పలచగా పరుచుకుని ఉంది. కాలితో కదిపి చూశాడు, కింద మట్టి తడిగా ఉంది. ఏ పుస్తకంలో బొమ్మ వేసినా ఇంతకంటే బాగా వేయలేరు.

"అదిగో," అందామె.

యంత్రం గోడకు ఆనించి ఉంది. ఆయన చటుక్కున గుర్తుపట్టలేదు. గొట్టాలు మూరెడు కోసేసి ఉన్నాయి. ఆయన పిడి లేనేలేదు. దాని చోట ఒక పాత సైకిలు హాండిలు అతికించి ఉంది, రబ్బరు తొడుగులతో సహా. వెల్డింగు పుండులా ఉబ్బి ఉంది. అడ్డకడ్డీ తీసేశారు. బ్లేడు తిరగబడి ఉంది.

"ఇది తలకిందులుగా బిగించారు," అన్నాడు.

"తలకిందులు కాదు. మీది తోస్తేనే కోస్తుంది. ఇది వెనక్కి లాగినా కోస్తుంది. తోసి తోసి విసుగొస్తే లాగుతాను. చేతికి మార్పు."

ఆయన మోకాళ్ళమీద కూర్చుని బ్లేడు అంచుమీద వేలు జరిపాడు. వంపు తేడాగా ఉంది. ఆ వంపు కోసం తను రెండేళ్ళు లెక్కలు వేసి, రాదని వదిలేశాడు.

"ఈ వంపు ఎవరు చెప్పారు?"

"ఎవరు చెబుతారు? వెల్డింగు షాపాయన సుత్తి తెచ్చాడు, నేను చాలనేదాకా కొట్టాడు."

"నేను కాస్త నడపనా?"

"నడపండి."

సైకిలు హాండిలు పట్టుకున్నాడు. నడుము సగానికి వంచాల్సి వచ్చింది. నాలుగడుగులకు తొడలు లాగాయి, పది అడుగులకు వెన్ను పట్టేసింది. సాలు మధ్యలో ఆగి నడుముమీద చెయ్యి వేసుకున్నాడు.

"మీకు పొట్టిదయింది సార్," అందామె. "వదిలేయండి, పట్టేస్తే రేపు లేవలేరు."

వదిలేశాడు. జేబులోంచి నోటుపుస్తకం తీశాడు, మళ్ళీ ఆగాడు. "రాసుకోవచ్చా?" అని అడిగాడు.

ఆమె కాస్త ఆలోచించింది. "రాసుకోండి. కానీ మీ షెడ్డుకు మళ్ళీ వస్తే నడపడానికి రాను. చెప్పడానికి వస్తా. అలాంటి పని ఉందా మీ ఆఫీసులో?"

"లేదు," అన్నాడు నిజాయతీగా. "పెట్టమని అడగాలి. ఇస్తారో లేదో తెలియదు."

"అడిగి చూడండి."

ఆమె యంత్రం అందుకుని సాలులోకి దిగింది. మోచేతులు పక్కలకు ఆని, భుజాలు వదులుగా, అడుగు వెనక అడుగు వేస్తూ పోయింది. తుంటి ఆనించలేదు. బరువు వేయలేదు. కుడి మణికట్టుకు గుడ్డ చుట్టి ఉంది గాని, ఆ చెయ్యి కూడా హాండిలును మెల్లగానే పట్టుకుంది. కాలువ అవతలినుంచి ఒక ముసలామె చెయ్యి అడ్డం పెట్టుకుని ఇటు చూసింది.

"ఎవరే ఆయన?"

"ఆఫీసునుంచి. ఇది ఎట్లా చేశానో చూడ్డానికొచ్చాడు," అని ఆమె తల తిప్పకుండానే జవాబిచ్చి, తోసుకుంటూ పోయింది.

ఇంజనీరు నోరు తెరిచాడు. ఆ చక్రం తనదని, ఆ ఇరుసు తనదని, ఆ గొట్టాల లోహం ఎంపిక చేయడానికే ఒక ఏడాది పట్టిందని చెప్పాలనుకున్నాడు. ముసలామె అప్పటికే బిందె ఎత్తుకుని వెళ్ళిపోతోంది. ఆయన గట్టుమీద చోటు చూసుకుని కూర్చుని, నోటుపుస్తకం మోకాలిమీద పెట్టుకున్నాడు. ఇంకా పదకొండు సాళ్ళున్నాయి.